అంచున పసుపు

"మీ చేతిలోంచి వెళ్ళేటప్పుడు ఎలా ఉన్నాయి?" అని అడిగాడు మేనేజరు.

బల్ల మీద నల్లగుడ్డ పరిచి, దాని మీద నాలుగు పలకలు పెట్టారు. ఒక్కొక్కటీ కళ్ళజోడు అద్దమంత ఉంటుంది. గట్టిగా ఊపిరి వదిలితే కదిలేంత తేలిక. కొన్న కంపెనీవాళ్ళు తిప్పి పంపిన నూట అరవై పలకల్లోవి ఇవి. బొమ్మలు చూపించే కళ్ళజోడులో బిగించి చూస్తే ఒక అంచున తెలుపు కాస్తా పసుపు తిరుగుతోందని వాళ్ళ ఫిర్యాదు.

డేగక్క వంగి పలకల మూలన ఉన్న నంబర్లు చదివింది. నాలుగూ ఆమె చూసి పంపినవే.

"తెల్లగా ఉన్నాయి," అంది.

"ఖాయమేనా?"

"పందొమ్మిదేళ్ళుగా నేను చూసేది తెలుపే సార్. నా చేతిలోంచి పోయినప్పుడు తెల్లగానే ఉన్నాయి."

ఆ ఒక్కమాటతో విచారణ అయిపోయింది. ఆ కంపెనీలో డేగక్క కన్నంటే త్రాసులో ముల్లు లాంటిది. దాన్ని ఎదురు ప్రశ్నించినవాళ్ళు లేరు. ఆమె చూసి 'సరే' అన్న పలకను ఆ తర్వాత ముట్టుకునే చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చేతి తాలూకు మనిషి తలుపు పక్కన, తలకు పెట్టుకునే టోపీ చేత్తో నలుపుతూ నిలబడింది.

ఆమెను అందరూ పిట్ట అంటారు. మనిషి గుప్పెడంత, నోరు మాత్రం ఊరంత. పలకల్ని మందుతో తుడిచి, దీపం ముందు పెట్టి దుమ్ము చూసి, డబ్బాల్లో సర్దడం ఆమె పని. డేగా పిట్టా ఒకే చూరు కింద బతికే చోటు లోకంలో ఇదొక్కటేనని క్యాంటీన్లో ఎప్పుడూ నవ్వుకునేవారు.

"తుడిచే మందు సీసా మార్చావటగా?" అన్నాడు మేనేజరు.

"మార్చింది నేను కాదు సార్. రోజూ వాడేది అయిపోతే స్టోర్లోవాళ్ళే వేరేది ఇచ్చారు. రెండూ ఒకటేనన్నారు. అదీ ఒక్క గంట. గంటలో నూట అరవై పలకలు తుడవడానికి నాకేమైనా పది చేతులున్నాయా సార్?"

ఎవరూ నవ్వలేదు. గోడవారన కూర్చున్న డిజైనరు కలం మూత కొరుకుతూ నేల చూస్తున్నాడు. పిట్ట తల తిప్పి డేగక్క వైపు చూసింది. డేగక్క నల్లగుడ్డ మీద నాలుగు పలకల్నీ వేలి కొసతో ఒక వరసలోకి జరుపుతోంది.

"పలకలు చెడిపోవడానికి ప్యాకింగులో జరిగిన నిర్లక్ష్యమే కారణమని రాస్తున్నాం," అన్నాడు మేనేజరు. "కోటు, బ్యాడ్జి ఇచ్చి వెళ్ళు."

పిట్ట కోటు విప్పింది. విసిరికొట్టలేదు. అలవాటు చొప్పున అంచుకు అంచు కలిపి నాలుగు మడతలు పెట్టి, దాని మీద టోపీ, టోపీ మీద బ్యాడ్జి ఉంచింది. అంతటి వాగుడుకాయ తలుపు దాటేదాకా పెదవి విప్పలేదు.

*

మర్నాడు డిజైనరు కొత్త పలకలు ఆరు తెచ్చాడు. డేగక్క చీకటిగదిలో తన బల్ల దగ్గర ఎత్తు సరిచేసుకుని, గడ్డం ఆనించే పట్టీ తుడుచుకుని కూర్చుంది. ఎడమకన్ను మూసి కుడికంటిని రంధ్రానికి ఆనించింది. పందొమ్మిదేళ్ళుగా ఆమె పని కన్ను కుడిదే. ఎడమది మూసుకోవడం ఎంత అలవాటంటే, ఇంట్లో సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా దానంతటదే మూసుకుపోతుంది.

పలక మూలన కంటికి ఆనని సన్నటి గీతలుంటాయి. చిటికెనవేలి గోరంత యంత్రం అక్కడ బొమ్మను లోపలికి వదులుతుంది. వెలుతురు పలక లోపలే అటూ ఇటూ గోడలకు కొట్టుకుంటూ కంటి ఎదుటి దాకా ప్రయాణం చేసి, అక్కడున్న ఇంకో వరస గీతల దగ్గర బయటపడుతుంది. పెట్టుకున్న మనిషికి ఎదురుగా ఉన్న వీధీ కనిపిస్తుంది, వీధి మీద తేలుతూ బొమ్మా కనిపిస్తుంది. చెప్పుకోవడానికి ఇంతే. చిక్కంతా రంగుల దగ్గరుంది. ఎరుపు బాగా వంగి పెద్ద పెద్ద అంగలు వేస్తూ పోతుంది. నీలం తక్కువ వంగి, చిన్న చిన్న గెంతులతో గోడలకు ఎక్కువసార్లు తగులుతుంది. తగిలిన ప్రతిసారీ కాస్త బయటికి ఒలుకుతుంది. దూరపు అంచు చేరేసరికి తన దగ్గరున్నదంతా దారిలోనే పారబోసుకుంటుంది. నీలం తగ్గిన తెలుపు పసుపే కదా.

అందుకే మునుపు రంగుకో పలక చొప్పున మూడు పలకలు ఒకదాని మీద ఒకటి అమర్చేవాళ్ళు. తెలుపు బాగానే ఉండేది గాని, గంటసేపు పెట్టుకుంటే ముక్కు మీద రెండు గుంటలు పడేవి. కొనేవాళ్ళు బరువు మూడో వంతుకు తగ్గించమన్నారు. డిజైనరు గాజు తీసేసి రెసిన్ అనే తేలికపాటి ప్లాస్టిక్ పెట్టాడు, మూడింటిని ఒకటి చేశాడు. గీతల లోతు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉండేలా మార్చి, నీలాన్ని మొదట్లో బిగబట్టి చివర్లో వదలాలని రెండేళ్ళుగా కుస్తీ పడుతున్నాడు. మార్చిన ప్రతిసారీ కొత్త అచ్చు, ప్రతి అచ్చుకీ కొత్త పలకలు, ప్రతి పలకకీ డేగక్క కన్ను.

"దూరపు అంచు చూడండి డేగక్కా," అన్నాడు పక్కన నిలబడి.

"చూస్తున్నా."

"మొహమాటపడకండి. పసుపుంటే పసుపుందనండి."

"నాకెందుకయ్యా మొహమాటం? నువ్వేమైనా నా అల్లుడివా?" అని ఆమె పలకను కొద్దిగా ఓరగా తిప్పి చూసింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది. "తెలుపే. రంగు కొలిచే మీ కెమెరా ఏమంటోంది?"

"కెమెరా మాటకేంలెండి," అని అతను కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఆరు పలకలూ చూశాక డేగక్క వెలుతురులోకి వచ్చి కళ్ళు చికిలించుకుంది. ఈ మధ్య చీకటిగది తలుపు తీస్తే ఎదురు దీపాల చుట్టూ పొగ పట్టినట్టు కనిపిస్తోంది. దీపాలు తుడిచేవాళ్ళు లేరు కాబోలు అనుకుంది. ప్యాకింగు గదిలో స్టూలు ఖాళీగా ఉంది. రోజూ ఈపాటికి అక్కణ్ణించి వచ్చే కబుర్ల హోరు వినలేక తలుపు మూయమని కేకలేసేది తను. ఇవాళ తలుపు తెరిచే ఉంది. తప్పు చేసింది, అనుభవించింది అనుకుంది.

*

ఇంట్లో ఉండేది ఇద్దరే, డేగక్కా ఆమె వదినా. వదిన, అంటే పోయిన భర్తకు అక్కగారు, బట్టలు కుడుతుంది. డేగక్క చెప్పులు విప్పేసరికి ఆమె కిటికీ దగ్గర మిషను ముందు కూర్చుని లంగా అంచు మడతపెడుతోంది. పొద్దింకా వాలలేదు.

"ఏమే, ఆ డబ్బాలోంచి ముదురు నీలం దారం ఇలా పడెయ్యి."

డేగక్క డబ్బాలోంచి ఒక కండె తీసి ఇచ్చింది. వదిన చూసి తిరిగి ఆమె ఒళ్ళోకి విసిరింది.

"నీలం అన్నానమ్మా తల్లీ. ఇది నలుపు."

డేగక్క ఇంకోటి తీసింది.

"ఇదీ నలుపే! నిన్ను డేగ అన్నవాడెవడో గాని, గుడ్లగూబను పట్టపగలు చూసి ఉంటాడు."

డేగక్క కూడా నవ్వింది. నవ్వుతూనే డబ్బా కిటికీ దగ్గరికి తెచ్చి, ఆ రెండు కండెలతో పాటు ఇంకో నాలుగు గూట్లో పేర్చింది. ఎడమకన్ను దానంతటదే మూసుకుంది. ఆరూ ఒకేలా ఉన్నాయి. అన్నీ నలుపు.

ఆమె చేత్తో కుడికన్ను మూసి, ఎడమది తెరిచింది.

ఆరింటిలో రెండు నీలం. మామూలు నీలం కాదు, సిరాబుడ్డి ఒలికినట్టు కళ్ళకు కొట్టే నీలం.

చెయ్యి మార్చింది. నీలం మాయమైంది. మళ్ళీ మార్చింది. వచ్చింది. గోడకున్న తెల్ల క్యాలెండరు వైపు తిరిగి అలాగే చూసింది. ఎడమ కంటికి అది సున్నం వేసినట్టుంది. కుడి కంటికి ఎన్నేళ్ళదో పాత పుస్తకంలోంచి చించిన కాగితంలా ఉంది.

మిషను చప్పుడు ఆగింది.

"ఏంటే ఆ చేతులాట? చిన్నపిల్లలా."

"వదినా, కుడికంట్లో నీలం లేదు."

"లేకపోవడమేంటి? ఎన్నాళ్ళ నుంచి?"

"తెలీదు," అని కండెలన్నీ డబ్బాలో పోసి మూత పెట్టింది. మూత వంకరగా పడింది. దాన్ని సరిగ్గా పెట్టడానికి ఆమెకు మూడుసార్లు పట్టింది.

*

గురువారం పొద్దున అందరికంటే ముందు వెళ్ళింది. తిరిగొచ్చిన నాలుగు పలకలూ నల్లగుడ్డలో చుట్టి అల్మారాలోనే ఉన్నాయి. మొదటిదాన్ని బల్లకు బిగించి, బొమ్మ వెలిగించి, ఎప్పటిలా కుడికన్ను ఆనించింది. తెలుపు.

ఎడమకన్ను ఆనించడానికి తలను ఎటు తిప్పాలో ఆమెకు అలవాటు లేదు. గడ్డం పట్టీ మీద నుంచి జారింది. రెండోసారి కుదిరింది.

దూరపు అంచున, పైనుంచి కిందకి, పాత గాయం మానేటప్పుడు చర్మం తిరిగే రంగులో ఒక చార. వెతకక్కర్లేదు. బల్ల ముందు కూర్చున్న ఎవరికైనా ముందు కనిపించేది అదే.

ఆమె రెండోది బిగించింది, మూడోది, నాలుగోది. తర్వాత లేచి నిన్న డిజైనరు తెచ్చిన ఆరు పలకలూ తీసింది. పసుపు. అటకమీద గత నెల నమూనాలున్న పెట్టె దింపింది. పసుపు. చార కొన్నింటిలో సన్నం, కొన్నింటిలో వెడల్పు, అంతే తేడా. తుడిచే మందు ఏనాడూ తగలని పలకలు, ప్యాకింగు గది మొహమైనా చూడని పలకలు. పదిహేడోది చూశాక ఆపేసింది. ఒక్కోదాని పక్కనా పుస్తకంలో తన చేతిరాత, ఎక్కడా వంకరపోని రాత, 'తెలుపు, తెలుపు, తెలుపు' అని ఉంది.

మధ్యాహ్నం సెలవు పెట్టి కంటి ఆస్పత్రికి వెళ్ళింది. కంట్లో మందు వేసి, గంటసేపు కూర్చోబెట్టి, చిన్నవయసు డాక్టరమ్మ దీపం వేసి చూసింది.

"కుడికంట్లో శుక్లం ముదురుతోందమ్మా. పసుపు అద్దంలోంచి చూస్తున్నట్టు లెక్క. నీలాన్ని ఆపేస్తుంది."

"అక్షరాలన్నీ చదువుతానమ్మా. ఏటేటా మా కంపెనీలో చదివిస్తారు."

"నల్ల అక్షరాలేగా? అవి ఇంకొన్నాళ్ళు చదవగలరు. రంగు నెమ్మదిగా పోతుంది కాబట్టి మనసు సర్దుకుపోతుంది. మీకు తెలీదు."

"ఎన్నాళ్ళయి ఉంటుంది?"

"ఏడాది పైమాటే. భయపడకండి, చిన్న ఆపరేషనే. మీరేం చేస్తుంటారు?"

"తెలుపు చూస్తుంటాను," అంది డేగక్క. డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పలేదు. ఉన్నదున్నట్టు కాగితం మీద రాసిమ్మని మాత్రం అడిగింది.

*

శుక్రవారం ఆ కాగితం తీసుకెళ్ళి ముందు డిజైనరు బల్ల మీద పెట్టింది. అతను నిలబడే చదివాడు. చదివాక కూర్చున్నాడు.

"కెమెరా మొదటి నెలలోనే చెప్పింది," అన్నాడు.

"ఏమని?"

"అంచున పసుపుందని."

"మరి నోరు మూసుక్కూర్చున్నావేం?"

"కూర్చోలేదు డేగక్కా. రెండుసార్లు చెప్పాను. కళ్ళజోడు పెట్టుకునేది మనిషా కెమెరానా అన్నారు. డేగ తెలుపంటుంటే నీకేం నొప్పి అన్నారు. మూడోసారి చెప్పలేదు." అతను మూత లేని కలాన్ని కాగితం మీద గుచ్చుతున్నాడు. "మీరు తెలుపు అన్నప్పుడల్లా నాకూ హాయిగానే ఉండేది. రెండేళ్ళు దీనికే ధారపోశాను. మీ కన్నే కరెక్టు, కెమెరాదే తేడా అని నాకు నేనే చెప్పుకున్నాను. మీరు సరేనన్న లోతులే ఖాయం చేసి అచ్చులు పోయించాను."

"అయితే ఈ పలకంతా నా గుడ్డికంటి కొలతకు కుట్టిన చొక్కా అన్నమాట."

అతను కలం కింద పెట్టాడు.

"ఆ పిల్ల మాటేంటి?" అంది.

"మేనేజరుగారితో మాట్లాడండి," అన్నాడు తల దించుకుని.

మేనేజరు తలుపు వేసి, కుర్చీ చూపించి, మంచినీళ్ళు తనే పోసిచ్చాడు. కాగితం చదివి జాగ్రత్తగా మడిచాడు.

"మీ ఆరోగ్యం ముఖ్యం అక్కగారూ. ఆపరేషన్ చేయించుకోండి, సెలవు నేనిస్తాను. వచ్చాక కొత్తవాళ్ళకు పని నేర్పుదురుగాని. ఈ కాగితం ఎవరికీ చూపించక్కర్లేదు."

"మరి ప్యాకింగు అమ్మాయి?"

"అది ముగిసిన సంగతి. కొన్నవాళ్ళకు సంజాయిషీ పంపించాం, ఒప్పుకున్నారు. తప్పు ప్యాకింగుదైతే ఒక్క మనిషితో పోతుంది. డిజైనుదైతే ఆర్డరే పోతుంది. ఈ పలక మీద ఎనభైమంది బతుకుతున్నారు. ఎనభైమంది పొయ్యిలో నీళ్ళు పొయ్యమంటారా, చెప్పండి." గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నట్టున్నాడు. "తొందరేం లేదు. ఒక వారం ఆలోచించుకోండి."

ఆమె గ్లాసులో నీళ్ళు అలాగే ఉంచి లేచింది. మేనేజరు మోచేతి కింద నుంచి తన కాగితం లాక్కుంది.

*

శనివారం పొద్దున పిట్ట ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. రెండంతస్తులు ఎక్కాక మూడో గది. తలుపు దగ్గరే తడిబట్టల బకెట్టు ఉంది. పిట్ట ఒక దుప్పటి చివర పట్టుకుని మెలితిప్పి పిండుతోంది. డేగక్కను చూసి పిండడం ఆపలేదు. రమ్మని గాని, కూర్చోమని గాని అనలేదు.

డేగక్క నిలబడే చెప్పింది. దారపు కండెల దగ్గర్నుంచి డాక్టరు దాకా, డిజైనరు దగ్గర్నుంచి మేనేజరు దాకా చెప్పింది. దారి పొడుగునా మనసులో కూడబలుక్కుంటూ వచ్చిన మాటలు కాబట్టి తడబడలేదు. "పలకలు మొదట్నుంచీ పసుపేనే పిట్టా. నీ తప్పేం లేదు," అని ముగించి, పెద్ద కబురు చెప్పినట్టు ఊపిరి పీల్చుకుంది.

"తెలుసు," అంది పిట్ట.

"ఏం తెలుసు?"

"పసుపని. నీకు చెప్పానుగా."

డేగక్కకు వినబడలేదేమో అన్నట్టు పిట్ట దుప్పటి బకెట్లో పడేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"కొత్త పలకలు వచ్చిన మొదటి నెలలో. దుమ్ము చూసే దీపం ముందు పెట్టి వాలిస్తే అన్నీ ఒకే అంచున పసుపు కొడుతున్నాయి. చేతులు కడుక్కునే చోట నీ వెనక నిలబడి చెప్పాను. 'అక్కా, కొత్తవి చివర్న పసుపు కొడుతున్నాయే, ఒక్కసారి చూడవా' అన్నాను. నువ్వు వెనక్కి కూడా తిరగలేదు. 'డబ్బాలు మూసే పని నీది, కళ్ళు పెట్టే పని నాది. ఆ నోరు కూడా ఒక డబ్బాలో పెట్టి మూసెయ్' అన్నావు. అక్కడున్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

డేగక్క ఆ కుళాయిని గుర్తుచేసుకుంది. సబ్బు వాసన, నేల మీద తడి, గోడకున్న పగిలిన అద్దం అన్నీ గుర్తొచ్చాయి. ఆ మాట గుర్తురాలేదు. ఎంత తడుముకున్నా రాలేదు. అలాంటి మాటలు రోజుకు పది అని ఉంటుంది.

"మరి మంగళవారం మేనేజరు ముందు ఆ మాట అనలేదేం?"

"అందామనే నీ మొహం చూశాను. నువ్వు చూపు తిప్పితే అందామనుకున్నా. నువ్వు పలకలు సర్దుకుంటున్నావు." పిట్ట గొంతు పెరిగింది. "అంటే మాత్రం? డేగ మాటా పిట్ట మాటా? ఎవరి మాట రాసుకుంటారు? నాలుగు చోట్ల పనికి వెళ్ళాను. కాగితంలో 'నిర్లక్ష్యం' అని చూసి కూర్చోమనైనా అనడంలేదు. ఇప్పుడు నువ్వొచ్చి కన్ను పాడైందంటున్నావు. అయ్యో పాపం అనాలా? అన్నాననుకో, పోయి నిశ్చింతగా ఆపరేషన్ చేయించుకుంటావా?"

"అనొద్దు," అంది డేగక్క. "సోమవారం లేబర్ ఆఫీసుకు రా. నేను పదింటికి అక్కడుంటాను."

పిట్ట దుప్పటి మళ్ళీ చేతిలోకి తీసుకుంది. వస్తాననలేదు, రాననలేదు.

*

సోమవారం పదిన్నరకు వచ్చింది. గుమస్తా బల్లకు ఆ చివర కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. డేగక్క చెబుతుంటే గుమస్తా రాసుకున్నాడు. నెమ్మదస్తుడు. డాక్టరు కాగితం జతచేసి, రాసిందంతా చదివి వినిపించాడు. శుక్లం, ఏడాది పైగా, తెలియక, సంతకం చెయ్యండి.

"ఇంకో మాట ఉంది," అంది డేగక్క. "ఆ అమ్మాయి మొదటి నెలలోనే నాకు చెప్పింది. నేను చూడను పొమ్మన్నాను. నలుగురి ముందు నోరు మూసుకోమన్నాను. అది కూడా రాయండి."

గుమస్తా కలం కింద పెట్టాడు. "అమ్మా, మీ మంచికే చెబుతున్నా. కంటి జబ్బంటే ఎవరూ తప్పుపట్టరు. మీ కంపెనీ కూడా మిమ్మల్నేమీ చెయ్యదు. ఇది రాస్తే ముందే తెలిసీ ఊరుకున్నారని మీ మెడకే చుట్టుకుంటుంది. కేసుకు ఇది లేకపోయినా నడుస్తుంది."

"అది లేకపోతే ఆ పిల్ల చూసిందన్న సంగతే ఉండదు కదండీ."

"నేను చెప్పాల్సింది చెప్పాను."

"రాయండి."

అతను రాశాడు. కిటికీ వైపు చూస్తున్న పిట్ట ఇటు తిరగలేదు గాని, ఒళ్ళో ఉన్న సంచీ పట్టీని మెలిపెట్టడం ఆపేసింది.

రెండు వారాల తర్వాత అధికారి ముందు విచారణ జరిగింది. మేనేజరు ఒక లాయరుతో వచ్చాడు. డిజైనరు కెమెరా కొలతల కాగితాలు తెచ్చాడు. అడిగినదానికల్లా అవుననో కాదనో తప్ప మాట్లాడలేదు. పిట్ట కాగితంలోంచి 'నిర్లక్ష్యం' అన్న మాట కొట్టేసి కొత్త కాగితం ఇవ్వాలని అధికారి తేల్చాడు. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. అప్పటికే కొన్నవాళ్ళకు సంగతి చేరి, ఆర్డరు ఆపేశారు. ఒంటి పలక పని మూలపడింది. డిజైనరు ఈసారి రెండు పలకల లెక్కలు మొదలుపెట్టాడు. ఎనభైమందిలో ముప్ఫైమందిని ఇళ్ళకు పంపారు. ఆ జాబితాలో మొదటి మనిషి డేగక్క. మిగిలినవాళ్ళకు పని లేక అని రాసినచోట, ఆమెకు మాత్రం తెలిసీ చూడకపోవడం అని రాశారు. కోటు ఇవ్వడానికి వెళ్ళినరోజు, పదకొండేళ్ళు పక్కబల్ల మీద పనిచేసిన మనిషి ఆమెను చూసి మొహం తిప్పుకుంది. "నీ కన్ను బాగుచేయించుకోడానికి మా పొట్టలు కొట్టాలా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆమె తిరిగి చూడలేదు.

కాగితం చేతికిచ్చిన రోజున ఇద్దరూ లేబర్ ఆఫీసు మెట్లు దిగి బస్సు ఆగేచోట నిలబడ్డారు. ఎండ కళ్ళలో పొడుస్తోంది. డేగక్క కుడిచేతిని కంటికి అడ్డం పెట్టుకుంది. పిట్ట కాగితాన్ని ఒకసారి విప్పి చదివి, అంచుకు అంచు కలిపి మడిచి సంచీలో పెట్టింది. థాంక్స్ అనలేదు. డేగక్క ఆశించలేదు కూడా.

డేగక్క అడిగింది. "ఎలా ఉండేదే?"

"ఏది?"

"ఆ పసుపు. నీకెలా కనిపించేది?"

పిట్ట ఆమె మొహం వైపు పరీక్షగా చూసింది. ఎగతాళి కాదని తేల్చుకున్నట్టుంది.

"ముందు తెలీదు," అంది ముభావంగా. "దీపం ఎదురుగా పెడితే ఏమీ ఉండదు. పలకని కొద్దిగా ఇలా వాల్చాలి." చెయ్యి పలకలా చాపి చూపించింది. "అప్పుడు దూరపు చివర మొదలవుతుంది. మొదట పాలమీగడ రంగు. ఇంకాస్త వాలిస్తే ఎండిన గడ్డి రంగు. పైన సన్నంగా ఉండి కిందకి వచ్చేకొద్దీ వెడల్పవుతుంది, పక్కకి తోసిన తెరలాగా. మొదటి అచ్చుకి అది సగానికి వచ్చి ఆగిపోయేది. రెండో అచ్చు వచ్చాక కిందిదాకా పాకింది. అప్పుడు నాకు ఖాయమైపోయింది, ఇది మరక కాదు, మరకైతే అన్నింటికీ ఒకేచోట ఎందుకుంటుందని. మూడో అచ్చులో ఇంకో తమాషా. పసుపు పక్కనే, ఇదిగో ఇంత మేర, లేత గులాబీ..."

మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె గొంతులో పాత పిట్ట వచ్చేసింది. రెండు చేతులతో గాలిలో పలకలు తిప్పుతూ, ఏ పెట్టెలో ఏవి, ఏ రోజు ఏవి ఎక్కువ, ఏవి తక్కువ, అన్నీ వరసపెట్టి చెబుతోంది. బస్సు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, వెళ్ళిపోయింది.

డేగక్క మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.